బతికి బట్టకట్టిన విమానం

యుద్ధ విమానం అనగానే మన కళ్లముందు మెరిసే లోహం కనిపిస్తుంది. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో భారత వైమానిక దళానికి వెన్నెముకగా నిలిచిన ఫైటర్‌కి కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా ఒంటిమీద ఉన్నది గుడ్డ. అలంకారంగా అనడం లేదు, అవిసె నారతో నేసిన అచ్చమైన లినెన్ గుడ్డే. ఈ సంగతి చెప్పగానే మా రూమ్మేట్ "గుడ్డేంట్రా, అది విమానమా, పెళ్లి పందిరా?" అన్నాడు. వాడికి జవాబు చెప్పబోతే అది ఒక వ్యాసమంత అయింది. అదే ఇది.

ఆ విమానం పేరు హాకర్ హరికేన్. దానికి గుడ్డ ఎందుకు కట్టారు, అది మనవాళ్ల చేతికి ఎలా వచ్చింది, బర్మాలో ఏం చేసింది, ఇవి నేను చెప్పదలుచుకున్న మూడు సంగతులు. నాలుగోది ప్రశ్న. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మీద పుట్టిన మనలాంటివాళ్లం ఆ విమానాన్ని చూసి గర్వపడాలా, వద్దా?

పుట్టుక

హరికేన్ మొదటిసారి ఎగిరింది 1935 నవంబర్ 6న, ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో. డిజైనర్ సిడ్నీ కామ్. ఇంజిన్ రోల్స్ రాయిస్ మెర్లిన్, 12 సిలిండర్లు, వి ఆకారం, ద్రవంతో చల్లబరిచే రకం. అప్పటికి బ్రిటిష్ దళంలో ఉన్న ఫైటర్లన్నీ రెండు రెక్కల దొంతర బైప్లేన్లు. వాటి పక్కన ఒంటి రెక్కతో, లోపలికి ముడుచుకునే చక్రాలతో హరికేన్ కొత్త తరం కింద లెక్క.

1940 వేసవిలో జర్మన్లు ఇంగ్లండ్ మీద విరుచుకుపడినప్పుడు పేరంతా స్పిట్‌ఫైర్ కొట్టేసింది. సినిమాలన్నీ దాని మీదే. కానీ లెక్క చూస్తే ఆ పోరులో హరికేన్లే సంఖ్యలో ఎక్కువ, అవి కూల్చిన శత్రు విమానాలే ఎక్కువ. సందడి ఒకరికి, చాకిరీ ఇంకొకరికి. కాలేజీ ఫెస్ట్ కమిటీలో పనిచేసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మొత్తం 14,000 పైచిలుకు తయారయ్యాయి. అందులో కొన్ని కెనడాలో కూడా తయారయ్యాయి. అక్కడి ఫ్యాక్టరీలో ఇంజినీరింగ్ పని నడిపించింది ఎల్సీ మెక్‌గిల్ అనే మహిళ. మిత్రరాజ్యాల్లో చాలా దేశాలకి హరికేన్ వెళ్లింది. ఒక్క సోవియట్ యూనియన్‌కే దాదాపు 3,000 ఇచ్చారు. రష్యన్లకి దాని చిన్న తుపాకులు ఆనక, చాలావాటికి తమ సొంత 20 మిల్లీమీటర్ల ఫిరంగులు బిగించుకున్నారు. ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు వాడకుండా తమ అవసరానికి మార్చుకున్నారన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మనవాళ్ల కథలోనూ వస్తుంది.

గుడ్డ ఎందుకు?

హరికేన్ నాటికే ఒంటినిండా అల్యూమినియం రేకు ఉన్న విమానాలు వచ్చేశాయి. స్పిట్‌ఫైర్‌లో రేకు కేవలం తొడుగు కాదు, బరువు మోసే భాగం. కామ్ ఆ దారి పట్టలేదు. ఆయన కంపెనీకి బాగా అలవాటైన పాత పద్ధతినే వాడాడు. లోపల ఉక్కు, అల్యూమినియం మిశ్రమం గొట్టాలతో ట్రస్. మన స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ క్లాసులో తలనొప్పి తెప్పించే ఆ త్రిభుజాల వరస ఉంది చూశారూ, అదే. కీళ్ల దగ్గర వెల్డింగ్ బదులు బోల్టులు, రివెట్లు. దాని చుట్టూ ఆకారం కోసం చెక్క పట్టీలు. వాటి మీద గుడ్డ. రెక్కలకి కూడా మొదట్లో గుడ్డే ఉండేది, 1939 నుంచి రేకు వేశారు. వెనక భాగానికి మాత్రం చివరి విమానం దాకా గుడ్డే.

గుడ్డని ఊరికే చుడితే గాలికి జెండాలా కొట్టుకుంటుంది. అందుకని డోప్ అనే ద్రావణం పూస్తారు. అది ఆరుతూ గుడ్డని బిగలాగుతుంది. నాలుగైదు పూతలయ్యాక వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ఈ డోప్‌కి మూలం సెల్యులోజ్. మన పత్తిలో 90 శాతం పైగా ఉన్నది అదే. సెల్యులోజ్‌ని నైట్రిక్ ఆమ్లంతో ఒక మోతాదులో కలిపితే విమానం గుడ్డకి పూత అవుతుంది, మోతాదు పెంచితే గన్‌కాటన్ అనే పేలుడు మందు అవుతుంది. మన చేలల్లో తెల్లగా నవ్వే పత్తికాయ లోపల ఈ రెండూ ఉన్నాయంటే మొదట నాకూ నమ్మబుద్ధి కాలేదు. కెమిస్ట్రీ పుస్తకం తిరగేస్తే నిజమే.

ఇప్పుడు అసలు లాభం చూడండి. రేకు విమానానికి పెద్ద గుండు తగిలితే, బరువు మోసే తొడుగే చిరుగుతుంది. దాన్ని సరిచేయడానికి జిగ్గులు, ప్రెస్సులు, నిపుణులు కావాలి. హరికేన్ వెనక భాగంలోకి గుండు వచ్చి, గొట్టాన్ని తాకకపోతే, ఇటు నుంచి అటు దూసుకుపోతుంది. మిగిలేది రెండు చిల్లులు. చుట్టూ శుభ్రం చేసి, చిరుగు పెద్దదైతే కుట్టి, పైన గుడ్డముక్క అంటించి, డోప్ పూసి ఆరబెడితే విమానం మళ్లీ సిద్ధం. గొట్టం విరిగినా బోల్టు విప్పి ఆ ఒక్కటీ మార్చొచ్చు. చెట్టు కింద చేయగలిగిన రిపేరు.

నష్టాలు లేకపోలేదు. ఎండకి గుడ్డ బలం తగ్గుతుంది, తేమకి బూజు పడుతుంది. ముసురు రోజుల్లో డోప్ పూస్తే సరిగా ఆరక తెల్లగా పాలిపోతుంది. బర్మా సరిహద్దులో వర్షాకాలం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అక్కడ ఫిట్టర్ల బాధ అంతా ఇంతా కాదు.

మన నేల మీద పెరిగినవాళ్లకి వెంటనే అర్థమయ్యే ఇంకో గుణం దాని చక్రాలు. స్పిట్‌ఫైర్ చక్రాలు దగ్గర దగ్గరగా ఉండి బయటి వైపుకి మడుచుకుంటాయి. హరికేన్ చక్రాలు దూరంగా ఉండి లోపలికి మడుచుకుంటాయి. ఎగుడుదిగుడు నేల మీద ఏది నిలకడగా దిగుతుందో ట్రాక్టర్ తోలిన ఎవరినడిగినా చెప్తారు. బర్మా సరిహద్దులో రన్‌వేలంటే చాలాచోట్ల చదును చేసిన మట్టి. దాని మీద స్పిట్‌ఫైర్‌కన్నా హరికేన్ నయం.

యుద్ధం మన గుమ్మంలోకి

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. అప్పట్లో రంగూన్ ఓడరేవులో మూటలు మోసే కూలీల్లో చాలామంది మన కోస్తా నుంచి వెళ్లిన తెలుగువాళ్లు. బర్మావాళ్లు వాళ్లని కోరంగీలు అనేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఓడ దొరకనివాళ్లు అడవుల గుండా, కొండల మీదుగా నడిచి ఇండియాకి వచ్చారు. దారిలో పోయినవాళ్లు పోగా.

ఆ తర్వాత నెల తిరక్కముందే యుద్ధం బంగాళాఖాతం దాటింది. ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి. అక్కడ ఎదురు నిలిచినవి హరికేన్లే, నష్టం కూడా బాగానే తగిలింది. మర్నాడు, ఏప్రిల్ 6న, ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులేశాయి. ఆ రోజుల్లోనే మన తీరం పొడవునా సరుకు ఓడలు ఒకదాని తర్వాత ఒకటి మునిగిపోయాయి. మద్రాసులో ప్రభుత్వ ఆఫీసులనే లోపలి ఊళ్లకి తరలించారు. ప్రభుత్వమే మూటాముల్లె సర్దుకుంటే జనం సంగతి చెప్పేదేముంది?

అప్పుడు విశాఖలో ఉన్న వైమానిక బలం ఎంతనుకున్నారు? యుద్ధం మొదలయ్యాక ఓడరేవుల కాపలాకి పెట్టిన తీర రక్షణ దళాల్లో ఒకటి. దాని దగ్గర ఉన్నవి ఫైటర్లు కావు, కాలం చెల్లిన బైప్లేన్లు. అదే విశాఖలో అదే ఏడాది డిసెంబర్ 1న భారత వైమానిక దళం 7వ స్క్వాడ్రన్ పుట్టింది. మొదట వాళ్లకిచ్చినవి వెంజెన్స్ డైవ్ బాంబర్లు. 1944 చివర్లో వాటి స్థానంలో హరికేన్లు వచ్చాయి. 1945లో ఆ స్క్వాడ్రన్ హరికేన్లతో బర్మాలో ఇరావతి నది వెంబడి పనిచేసింది. నాయకుడు పి.సి. లాల్. 1971 యుద్ధం నాటికి మన వైమానిక దళాధిపతి ఆయనే.

మన ప్రకాశం జిల్లా దొనకొండలో ఎయిర్‌స్ట్రిప్ కూడా ఆ యుద్ధకాలంలో బ్రిటిష్‌వాళ్లు వేసిందే. అటు వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చునేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో!

మన డబ్బు, వాళ్ల విమానాలు

అసలు హరికేన్‌కీ మన జిల్లాకీ సంబంధం అంతకుముందే మొదలైంది, చందా రూపంలో. అప్పటి గుంటూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం, ఒంగోలు అప్పుడు గుంటూరు జిల్లాలోనే ఉంది. ప్రెసిడెన్సీ అంతటా యుద్ధ నిధి వసూలు చేశారు. ఆ డబ్బుకి గుర్తుగా బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో మూడు స్క్వాడ్రన్లకి 'మద్రాస్ ప్రెసిడెన్సీ' అని పేరు తగిలించారు: 79, 234, 264. వీటిలో 79వ స్క్వాడ్రన్ 1940లో ఇంగ్లండ్ మీద పోరాడింది హరికేన్లతోనే. 1942లో అది ఇండియాకి వచ్చి, బర్మా సరిహద్దులో 1944 దాకా హరికేన్లే నడిపింది. నిజాం ఇచ్చిన డబ్బుకి గుర్తుగా 'హైదరాబాద్ స్టేట్' పేరు పెట్టుకున్న 253వ స్క్వాడ్రన్‌వీ హరికేన్లే.

అంటే మన పేరు రెక్కల మీద ఎగిరింది. కానీ ఆ స్క్వాడ్రన్లు బ్రిటిష్‌వి. డబ్బు ఇచ్చిన జనాన్ని యుద్ధంలో దిగాలా వద్దా అని ఎవరూ అడగలేదు. 1939లో వైస్రాయ్ ఇండియా తరఫున యుద్ధం ప్రకటించేశాడు. దానికి నిరసనగా మద్రాసులో కాంగ్రెస్ మంత్రివర్గం రాజీనామా చేసింది. పెరట్లో కోడిని అడిగి కూర వండరు కదా!

పాత విమానం, కొత్త పని

భారత వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న కరాచీలో నాలుగు వాపిటీ బైప్లేన్లతో మొదలైంది. 1939లో యుద్ధం వచ్చేనాటికి కూడా ఉన్నది ఆ ఒక్క స్క్వాడ్రనే. 1942 మొదట్లో బర్మాకి వెళ్లినప్పుడు దాని చేతిలో లైసాండర్లు ఉన్నాయి. అవి గూఢచర్యానికీ సైన్యంతో సమన్వయానికీ పనికొచ్చే నెమ్మది విమానాలు. వాళ్ల నాయకుడు కె.కె. మజుందార్ వాటికే బాంబులు కట్టించి శత్రువు ఎయిర్‌ఫీల్డ్ మీదికి తీసుకెళ్లాడు. ఆ ఏడాదే వాళ్లకి హరికేన్లు ఇచ్చారు.

ఇచ్చారు అంటే, ఐరోపాలో వాటి పని అప్పటికే అయిపోయింది కాబట్టి ఇచ్చారు. కొత్త జర్మన్ ఫైటర్ల ముందు హరికేన్ నిలవలేకపోతోంది. బర్మాలోనూ జపాన్ కి-43 ఫైటర్ హరికేన్‌కన్నా తేలిక, మలుపుల్లో చురుకు. దానితో గిరికీలు కొట్టి గెలవాలనుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విమానాన్ని పక్కన పడేయాలి.

మనవాళ్లు పడేయలేదు. దానితో వేరే పని చేశారు. హరికేన్ ముక్కు కిందికి వాలి ఉంటుంది కాబట్టి పైలట్‌కి ముందు చూపు బాగుంటుంది. కింద ఎగిరినప్పుడు స్థిరంగా ఉంటుంది. దెబ్బలు తట్టుకుంటుంది. ఇవన్నీ నేల మీద ఉన్న సైన్యానికి కళ్లుగా పనిచేయడానికి కావలసిన గుణాలు. కొన్నిటిలో తుపాకులు తగ్గించి కెమెరాలు పెట్టారు. బాంబులు మోసే రకం రెక్కకొకటి చొప్పున 250 పౌన్ల బాంబులు రెండు తీసుకెళ్లేది. మన యార్డు భాషలో చెప్పాలంటే రెక్కకి రెండున్నర మిర్చి టిక్కీలు కట్టుకుని ఎగిరినట్టు.

పద్ధతి ఇలా ఉండేది. జంటగా వెళ్తారు. ముందున్నవాడి పని నేలని చదవడం. చెట్ల మధ్య కొత్త దారి పడిందా, నది ఒడ్డున తెప్పలు దాచారా, మొన్న లేని పొద ఇవాళ ఎక్కడి నుంచి వచ్చింది, ఇలాంటివి. వెనకున్నవాడు అటూఇటూ వంకరలు తిరుగుతూ ఆకాశాన్ని మాత్రమే చూస్తాడు. నేలని చూసేవాడు తల పైకెత్తడు, వాడి ప్రాణం వెనకున్నవాడి చేతిలో ఉంటుంది. ల్యాబ్ పార్ట్‌నర్ మీద కూడా అంత నమ్మకం లేని మనకి అది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

మెహర్ సింగ్ నడిపిన 6వ స్క్వాడ్రన్ అరకాన్ ప్రాంతంలో ఈ పని చేసి 'పద్నాలుగో సైన్యపు కళ్లు' అని పేరు తెచ్చుకుంది. ఆ యుద్ధంలో డి.ఎస్.ఓ. పతకం అందుకున్న భారత వైమానిక దళ అధికారి ఆయనొక్కడే. పద్నాలుగో సైన్యాధిపతి స్లిమ్ తర్వాత తన పుస్తకంలో, పాతబడ్డ హరికేన్లలో జంటలుగా, తమకన్నా బలమైన శత్రు ఫైటర్లున్న ఆకాశంలోకి మళ్లీ మళ్లీ వెళ్లిన భారతీయ పైలట్లని ప్రత్యేకంగా తలుచుకున్నాడు.

1944 ఫిబ్రవరిలో అర్జన్ సింగ్ నాయకత్వంలో 1వ స్క్వాడ్రన్ ఇంఫాల్ చేరింది. మార్చిలో జపాన్ సైన్యం ఇంఫాల్‌ని చుట్టుముట్టింది. జూన్ 22 దాకా రోడ్డు తెగిపోయింది. తిండి, మందులు, పెట్రోలు, గుండ్లు అన్నీ గాల్లోనే రావాలి. అలాంటి చోట విడి భాగాలు దొరకని విమానం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. బోల్టు విప్పి గొట్టం మార్చుకోగలిగేది, గుడ్డముక్కతో చిల్లు మూసుకోగలిగేది పనికొస్తుంది. 1వ స్క్వాడ్రన్ అక్కడ 14 నెలలు ఉంది. పతకాలు పైలట్లకి వచ్చాయి. రాత్రంతా ఇంజిన్ విప్పి, తెల్లారేసరికి బిగించిన ఫిట్టర్లు, రిగ్గర్ల పేర్లు పుస్తకాల్లో అరుదు. కానీ ఇంఫాల్‌లో హరికేన్ ఎగిరిందంటే ముందు వాళ్ల వల్ల.

యుద్ధం ముగిసేనాటికి భారత వైమానిక దళానికి తొమ్మిది స్క్వాడ్రన్లు. ఏదో ఒక దశలో దాదాపు అన్నీ హరికేన్ నడిపినవే. 1945 మార్చిలో 'రాయల్' అనే బిరుదు వచ్చింది. మజుందార్ మాత్రం అది చూడలేదు. ఐరోపాలో కూడా పోరాడి తిరిగొచ్చిన ఆయన అంతకు కొన్ని వారాల ముందే, ఫిబ్రవరిలో, లాహోర్‌లో ప్రదర్శన విన్యాసాలు చేస్తూ హరికేన్ కూలి చనిపోయాడు.

ఎవరి యుద్ధం?

ఇక్కడిదాకా కథ బాగుంది. కానీ ఇదే కాలంలో మన నేల మీద ఏం జరుగుతోందో పక్కన పెట్టి చూస్తే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

1942 ఆగస్టు 12, తెనాలి. క్విట్ ఇండియా ఉద్యమంలో రోడ్డెక్కిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. ఆ చోటుని ఇప్పుడు రణరంగ చౌక్ అంటాం. ఏ జిల్లాకి తన పేరు పెట్టుకున్నామో ఆ ప్రకాశం పంతులు గారు అప్పటి నుంచి మూడేళ్ల దాకా జైల్లో ఉన్నారు. భారతీయుల చేతికి హరికేన్ వచ్చిన ఏడాదే, భారతీయుల మీద తుపాకీ పేలింది. రెండూ ఒకే ప్రభుత్వం ఇచ్చినవే.

1944లో ఇంఫాల్ దగ్గర మెలిక ఇంకా బిగుసుకుంది. జపాన్ సైన్యంతో పాటు వచ్చినవాళ్లలో సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ఫౌజ్ కూడా ఉంది. పైన హరికేన్‌లో భారతీయుడు, కింద అడవిలో భారతీయుడు. ఇద్దరూ దేశం కోసమే అనుకున్నారు.

'మిత్రదేశపు వైమానిక దళం' అన్నమాట రష్యాకో పోలండ్‌కో సరిపోయినట్టు మనకి సరిపోదు. స్నేహం సమానుల మధ్య కదా! మనకి విమానం ఇచ్చినవాడు మిత్రుడూ, యజమానీ కూడా. 1946 ఫిబ్రవరిలో నావికుల తిరుగుబాటు రోజుల్లోనే, జీతం, తిండి, వివక్ష గురించి వైమానిక దళ సిబ్బంది కూడా సమ్మెలకి దిగారు. బర్మాలో హరికేన్లని ఎగరనిచ్చిన చేతులే పనిముట్లు కింద పెట్టాయి.

మరి గర్వపడాలా, వద్దా? నా మట్టుకు నాకు అనిపించేది ఇది. ఆ విమానం చూసి గర్వపడక్కర్లేదు, అది వాళ్లకి అక్కర్లేకుండా పోయాక వచ్చింది. ఆ యుద్ధానికి జై కొట్టక్కర్లేదు, అందులోకి మనల్ని అడక్కుండా లాగారు. కానీ అందరూ పనైపోయిందన్న యంత్రాన్ని తీసుకుని, అది ఏం చేయలేదో కాకుండా ఏం చేయగలదో కనిపెట్టి, చేతిపనితో రోజూ ఎగరేసిన మనుషులున్నారే, వాళ్లని తలుచుకోకపోతే అది మన తప్పు. 1947లో దేశానికి సొంత వైమానిక దళం ఒకటి చేతికందిందంటే, పైలట్లూ ఫిట్టర్లూ సిద్ధంగా ఉన్నారంటే, ఆ పాఠం నేర్చుకున్న బడి హరికేనే. తెనాలి ఏడుగురినీ, ఇంఫాల్ ఫిట్టర్లనీ ఒకే మనసులో పెట్టుకోవడం కష్టం. అయినా పెట్టుకోవాలి, ఎందుకంటే ఇద్దరూ మనవాళ్లే.

యుద్ధం అయ్యాక ఏడాది రెండేళ్లలో మన దళంలో హరికేన్ల చోటుని స్పిట్‌ఫైర్లూ టెంపెస్టులూ తీసుకున్నాయి. ఇప్పుడు మన దగ్గరే, కొరిశపాడు మండలం పిచికలగుడిపాడు దగ్గర, జాతీయ రహదారిని అత్యవసర రన్‌వేగా కట్టారు. 2022 డిసెంబర్‌లోనూ 2024 మార్చిలోనూ వైమానిక దళం అక్కడ ట్రయల్స్ చేసింది. నల్లరేగడి పొలాల పక్కనే సుఖోయ్‌లని జనం నోరెళ్లబెట్టి చూశారు.

ఇండస్ట్రియల్ టూర్‌కి ఢిల్లీ వెళ్లే జూనియర్లకి ఒక మాట. పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో హరికేన్ ఒకటి ఉంది. సెల్ఫీలు అందరూ ముక్కు దగ్గరే దిగుతారు. మీరు ఒకసారి వెనక్కి వెళ్లండి. తోక వైపు ఒంటి మీద పొడవాటి గీతలు లేచి కనిపిస్తాయి. అవి గుడ్డ కిందున్న చెక్క పట్టీలు. 'బతికి బట్టకట్టడం' అనే మన నుడికారానికి అంతకన్నా మంచి బొమ్మ నాకు ఇంకోటి దొరకలేదు.